క్యూఓఎస్ పాలసీ రాసే ముందు దాని భాగాలు: మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటీ ఎలా నిర్వచించుకోవాలి

యాసంగి కోతలు మొదలైతే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన ఒడ్లు లారీల్లో వచ్చి కాంటా ముందు బారులు తీరతాయి. కాంటా గదిలో బిల్లు పోర్టల్‌కు ఎక్కాలి. ఆఫీసులో ఫోన్లు మోగుతుంటాయి. హైదరాబాద్‌లో ఉన్న యజమాని సీసీ కెమెరాలు తెరిచి చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే అకౌంట్స్ సర్వర్ బ్యాకప్ క్లౌడ్‌కు ఎక్కడం మొదలవుతుంది. "సార్, ఆరు దాటిందంటే బిల్లు తిరుగుతనే ఉంటది, పడదు" అని కాంటా ఆపరేటర్ మొత్తుకుంటాడు. చాలాచోట్ల లైన్ సరిపోక కాదు ఈ అవస్థ. ఏది ముందు పోవాలో, ఏది ఆగినా పర్వాలేదో రౌటర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ చెప్పడాన్నే క్యూఓఎస్ (క్వాలిటీ ఆఫ్ సర్వీస్) పాలసీ అంటాం. ఇప్పుడు దాదాపు ప్రతి కంపెనీ పరికరాలకూ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి, చాలామంది అది తెరవగానే నేరుగా 'కొత్త పాలసీ' బటన్ నొక్కుతారు. అక్కడే పని చెడుతుంది. పాలసీ చివర్లో రాయాల్సింది. దానికి ముందు అడ్రస్‌లు, సర్వీసులు, మార్కింగ్ విలువలు, క్లాసులు, చర్యలు, ఇంటర్‌ఫేస్ పాత్రలు, వేళలు అనే భాగాలను విడివిడిగా, పేరు పెట్టి నిర్వచించుకోవాలి. అవి సరిగ్గా ఉంటే పాలసీ రాయడం పది నిమిషాల పని. అవి తప్పయితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా ఫలితం ఉండదు.

ఈ భాగాలను ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. సిస్కోలో క్లాస్ మ్యాప్, పాలసీ మ్యాప్, సర్వీస్ పాలసీ ఉంటాయి. ఫోర్టిగేట్‌లో అడ్రస్, సర్వీస్, షేపర్, షేపింగ్ పాలసీ అంటారు. మైక్రోటిక్‌లో మ్యాంగిల్ రూల్, క్యూ ట్రీ. ఓపీఎన్‌సెన్స్‌లో పైప్, క్యూ, రూల్. పేర్లు ఎన్ని మారినా లోపలి ఆలోచన ఒక్కటే కాబట్టి ఇక్కడ చెప్పేది దేనికైనా వర్తిస్తుంది.

ఉదాహరణకు ఒక మిల్లు తీసుకుందాం. మిర్యాలగూడలో మిల్లు, 20 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ (మనకొక్కరికే కేటాయించినది). నల్లగొండలో ఆఫీసు, అక్కడ మామూలు ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్. జడ్చర్లలో 44వ జాతీయ రహదారి పక్కన చిన్న గోదాము, దానికి 4 ఎంబీపీఎస్ లైన్. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. మీ దగ్గర మీవి వేసుకోండి.

మొదటి మెట్టు: సాఫ్ట్‌వేర్ తెరవకముందు కాగితం

ప్రతి లైన్‌కూ నిజంగా అందుతున్న అప్‌లోడ్ వేగం కొలవండి. ప్లాన్‌లో రాసింది కాదు, సాయంత్రం రద్దీ వేళ వచ్చేది. మనం అదుపు చేయగలిగేది ప్రధానంగా మన రౌటర్ నుంచి బయటకు పోయేదాన్నే కాబట్టి అప్‌లోడ్ అంకె మీదే అన్ని లెక్కలూ నిలబడతాయి.

తర్వాత ఏయే ట్రాఫిక్ ఉందో రాసుకోండి. ఏ ట్రాఫిక్ ఎంత పోతోందో చూపే నెట్‌ఫ్లో లాంటిది ఉంటే ఒక వారం రిపోర్టు తీయండి. లేకపోయినా కాంటా గది, ఆఫీసు, కెమెరాల గది తిరిగి అడిగితే సగం తెలిసిపోతుంది. ఒక్కోదాని పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఇది ఆలస్యమైతే ఎవరి పని ఆగుతుంది? ఎంత ఆలస్యాన్ని ఇది తట్టుకుంటుంది? ఫోన్ మాట ఒక వైపు 150 మిల్లీసెకన్ల లోపు చేరితే మనుషులకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం జీ.114 చెబుతుంది. కాంటా బిల్లు రెండు సెకన్లు ఆగినా నష్టం లేదు, ఇరవై సెకన్లు ఆగితే లారీ కదలదు. బ్యాకప్ తెల్లారేలోపు పూర్తయితే చాలు. ఈ కాగితం మీద యజమానితో, మేనేజర్‌తో సంతకం పెట్టించుకోవడం మంచిది. ఏది ముఖ్యమో తేల్చాల్సింది వ్యాపారం నడిపేవాళ్లు. నెట్‌వర్క్ మనిషి ఒక్కడే తేల్చేస్తే రేపు ప్రతి డిపార్ట్‌మెంటూ వచ్చి మాదే ముఖ్యం అంటుంది.

రెండో మెట్టు: పేర్లు

ఐపీ అంకెలతో పేర్లు పెట్టకండి. ఐపీ మారుతుంది, పేరు అబద్ధమవుతుంది. ఊరు, పాత్ర, రకం అనే వరసలో పెట్టండి: మిర్యాలగూడ-కాంటా-హోస్ట్, నల్లగొండ-ఫోన్లు-నెట్, అన్నిచోట్ల-వాయిస్-క్లాస్. చాలా పరికరాలు పేర్లలో ఖాళీ జాగాలను ఒప్పుకోవు, కాబట్టి మధ్యలో హైఫన్ వాడండి. వివరణ అనే గడి ఉంటే వదిలేయకండి. ఎందుకు చేశారో, ఎవరు అడిగారో, ఏ తేదీనో ఒక లైన్ రాయండి. రెండేళ్ల తర్వాత మీ స్థానంలో వచ్చే కుర్రాడికి ఆ లైనే ఆధారం.

మూడో మెట్టు: హోస్ట్‌లు, నెట్‌వర్క్‌లు

ఇక్కడ పెద్దగా కష్టం లేదు. ఫోన్లకు ఒక వీల్యాన్ (ఒకే వైర్ల మీద విడదీసిన నెట్‌వర్క్), కెమెరాలకు ఒకటి, ఆఫీసు కంప్యూటర్లకు ఒకటి ఉంటే ఒక్కో సబ్‌నెట్‌కు (ఐపీల గుంపుకు) ఒక అడ్రస్ భాగం చేస్తే సరిపోతుంది. అంతా ఒకే సబ్‌నెట్‌లో కలిసి ఉంటే ముందు విడదీయండి. క్యూఓఎస్ కోసం కాకపోయినా చేయాల్సిన పనే అది. కాంటా కంప్యూటర్, కెమెరాల రికార్డర్, అకౌంట్స్ సర్వర్, బ్యాకప్ పెట్టె లాంటి వాటికి విడిగా హోస్ట్ భాగాలు చేసి, ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో వాటి ఐపీని రిజర్వ్ చేయండి.

గ్రూపులు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. గ్రూపులో గ్రూపు పెట్టుకుంటూ పోతే స్క్రీన్ మీద ఒక్క లైనే కనిపిస్తుంది కానీ, చాలా పరికరాల్లోకి పంపేటప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పి రాస్తుంది. 12 సోర్సులు, 8 గమ్యాలు, 5 పోర్టులు (సర్వీసును గుర్తించే అంకెలు) ఉన్న రూల్ 480 లైన్లవుతుంది. చిన్న స్విచ్‌లలో దీనికి కేటాయించిన మెమరీ తక్కువ. హోస్ట్‌లు వరసగా ఉంటే సబ్‌నెట్‌తో పట్టండి, విడివిడిగా కాదు.

నాలుగో మెట్టు: సర్వీసులు, అప్లికేషన్లు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఫోన్ కాల్ అంటే రెండు వేర్వేరు ట్రాఫిక్‌లు. కాల్ కలపడానికి వాడే సిప్ సిగ్నలింగ్ మామూలుగా 5060 పోర్టులో, ఎన్‌క్రిప్ట్ చేస్తే 5061లో పోతుంది. అసలు మాట ఆర్‌టీపీగా యూడీపీ (పోయిన డేటాను మళ్లీ పంపని పద్ధతి) మీద, ఒక పెద్ద పోర్టుల శ్రేణిలో పోతుంది. ఆ శ్రేణి మీ పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) సెట్టింగుల్లో ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూసి రాయకండి, మీ పెట్టెలో చూసి రాయండి. సిస్కో వాళ్లది తరచుగా 16384 నుంచి 32767. రెండింటికీ విడివిడిగా సర్వీస్ భాగాలు చేయాలి, ఎందుకంటే వాటి అవసరాలు వేరు.

వీడియో మీటింగుల విషయంలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ మంచి సౌకర్యం ఇచ్చింది. అడ్మిన్ సెట్టింగుల్లో ఆన్ చేస్తే క్లయింట్ వైపు ఆడియోకు 50000 నుంచి 50019, వీడియోకు 50020 నుంచి 50039, స్క్రీన్ షేరింగ్‌కు 50040 నుంచి 50059 పోర్టులు వాడుతుంది. ఇవి సోర్స్ పోర్టులని గుర్తుంచుకోండి. డెస్టినేషన్ గడిలో రాస్తే ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) కూడా మ్యాచ్ అవదు. ఏ సర్వీస్ నిర్వచించినా, ఏ వైపు పోయే ప్యాకెట్‌ను పట్టుకుంటున్నామో, ఆ వైపు చూస్తే ఏది సోర్స్, ఏది గమ్యం అని కాగితం మీద బాణం గీసుకుని చూడండి.

యజమాని కెమెరాలు చూడటాన్నే దగ్గరగా చూద్దాం. హైదరాబాద్‌లో కూర్చుని ఆయన చూస్తుంటే ఆయనకది డౌన్‌లోడ్, మిల్లుకు మాత్రం అప్‌లోడ్. నేరుగా ఆర్‌టీఎస్‌పీలో (కెమెరా వీడియో చూసే ప్రోటోకాల్‌లో) చూస్తే రికార్డర్ నుంచి పోయే ప్యాకెట్‌లో 554 సోర్స్ పోర్టు. కానీ మొబైల్ యాప్‌తో చూస్తే చాలా రికార్డర్లు కంపెనీ క్లౌడ్ సర్వర్ ద్వారా పంపిస్తాయి, పోర్టులు ప్రతిసారీ మారిపోతాయి. అలాంటప్పుడు పోర్టుల వెంట పడటం వృథా. రికార్డర్ ఐపీ సోర్స్‌గా ఉన్న ప్రతి ప్యాకెట్ కెమెరా ట్రాఫికే అని నిర్వచించేయండి. ఆ పెట్టె వేరే పని ఏదీ చేయదు కాబట్టి ఇంతకంటే నమ్మకమైన గుర్తు ఉండదు.

వెబ్‌లో పోయేది మాత్రం చిక్కే. జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, యూట్యూబ్ అన్నీ 443లోనే పోతాయి. క్విక్ ప్రోటోకాల్ వచ్చాక యూడీపీ 443 కూడా కలిసింది. కాబట్టి 443ను ముఖ్యమైన సర్వీస్‌గా ఎప్పుడూ నిర్వచించకండి. సినిమా కూడా బిల్లుతో పాటు ముందు వరసలోకి వచ్చేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో అప్లికేషన్ గుర్తింపు గానీ, డొమైన్ పేరుతో అడ్రస్ భాగం చేసే వీలు గానీ ఉంటే వాడండి. లేకపోతే కాంటా కంప్యూటర్ అనే హోస్ట్, 443 అనే సర్వీస్ రెండూ కలిసినప్పుడే మ్యాచ్ అయ్యేలా పెట్టండి. కాంటా కంప్యూటర్‌లో వేరే బ్రౌజింగ్ చేయకూడదన్న నియమం మేనేజర్ పెట్టాలి.

ఐదో మెట్టు: మార్కింగ్ విలువలు

ప్యాకెట్ ఏ రకమో దారిలోని పరికరాలకు చెప్పే గుర్తే మార్కింగ్. దానికోసం ప్యాకెట్ హెడర్‌లో డీఎస్‌సీపీ అనే 6 బిట్ల గడి ఉంటుంది. 1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 2474 దీన్ని నిర్వచించింది. 0 నుంచి 63 వరకు 64 విలువలు సాధ్యం, మనకు ఆరేడు చాలు. వాటికి ఈఎఫ్, ఏఎఫ్, సీఎస్ అనే పేర్లుంటాయి. మాటకు ఈఎఫ్, అంటే 46. వీడియో మీటింగుకు ఏఎఫ్41, అంటే 34. కెమెరా స్ట్రీమింగ్‌కు ఏఎఫ్31, అంటే 26. కాంటా బిల్లుల లాంటి లావాదేవీలకు ఏఎఫ్21, అంటే 18. బ్యాకప్‌కు సీఎస్1, అంటే 8. మిగతా అంతా 0. ఏఎఫ్ విలువలు బట్టీ పట్టక్కర్లేదు: మొదటి అంకెను 8తో, రెండోదాన్ని 2తో గుణించి కలపండి. సిప్ సిగ్నలింగ్‌కు 2006 నాటి ఆర్ఎఫ్‌సీ 4594 సీఎస్5, అంటే 40 సూచించింది. సిస్కో పరికరాల్లో మాత్రం సీఎస్3, అంటే 24 ఆనవాయితీ. ఏదో ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి.

కొన్ని సాఫ్ట్‌వేర్లు డీఎస్‌సీపీ బదులు పాత టాస్ బైట్ విలువ అడుగుతాయి. అప్పుడు డీఎస్‌సీపీని 4తో గుణించాలి. 46 బదులు 184 రాయాలి. టాస్ గడిలో 46 రాసి, మార్కింగ్ పనిచేయడం లేదని రోజంతా వెతికేవాళ్లున్నారు.

ఎవరి మార్కును నమ్మాలో కూడా ఇప్పుడే తేల్చండి. ఫోన్ల వీల్యాన్ నుంచి వచ్చే 46ను నమ్మవచ్చు. ఆఫీసు కంప్యూటర్ల నుంచి వచ్చే మార్కును చెరిపేసి, యాక్సెస్ స్విచ్ దగ్గరే మన నిర్వచనాల ప్రకారం కొత్తగా వేయాలి. ఇక ఇంటర్నెట్‌లోకి వెళ్లాక మీ మార్కును ప్రొవైడర్ గౌరవిస్తాడని ఆశ పెట్టుకోకండి. ఎంపీఎల్ఎస్ లైన్ (ప్రొవైడర్ సొంత నెట్‌వర్క్‌లో ఊళ్లను కలిపేది) తీసుకుని, కాంట్రాక్టులో క్లాసులు రాయించుకుంటేనే అవతలి వైపు దానికి విలువ.

వైఫై ఫోన్లు వాడుతుంటే మరో చిక్కు. చాలా యాక్సెస్ పాయింట్లు డీఎస్‌సీపీలోని మొదటి మూడు బిట్లే చూస్తాయి. 46లో అవి 5 అవుతాయి, దాంతో మాట వెళ్లి వీడియో క్యూలో పడుతుంది. వాయిస్ క్యూ కావాలంటే 6 రావాలి. 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8325 ఈ మ్యాపింగ్‌ను సరిచేసింది. మీ కంట్రోలర్‌లో మ్యాపింగ్ టేబుల్ ఉంటే 46 ఎదురుగా 6 ఉందో లేదో చూడండి.

ఆరో మెట్టు: క్లాసులు

అడ్రస్, సర్వీస్, మార్కు కలిస్తే క్లాస్. మిల్లుకు ఇవి చాలు: వాయిస్, మీటింగ్, లావాదేవీలు, కెమెరా, బ్యాకప్, మిగతా. సిగ్నలింగ్‌ను లావాదేవీలతో కలపండి. పన్నెండు క్లాసులు పెట్టే వీలుందని పన్నెండూ పెట్టకండి. 20 ఎంబీపీఎస్‌ను అన్ని ముక్కలు చేస్తే ఏ ముక్కా పనికిరాదు.

క్లాస్‌లో 'ఏదో ఒకటి సరిపోతే చాలు', 'అన్నీ సరిపోవాలి' అని రెండు రకాల మ్యాచ్ ఉంటుంది. ఎన్నో ఫిర్యాదుల మూలం ఇక్కడ ఉంటుంది. సిస్కోలో ఏమీ చెప్పకపోతే 'అన్నీ' అని తీసుకుంటుంది. ఒకే క్లాస్‌లో సిప్, ఆర్‌టీపీ రెండూ పెట్టి 'అన్నీ' వదిలేస్తే, ఏ ప్యాకెట్టూ ఒకేసారి రెండూ కాలేదు కాబట్టి క్లాస్ ఖాళీగా ఉంటుంది. వరస కూడా చూసుకోవాలి. పై నుంచి కిందికి మొదట సరిపోయిన క్లాస్‌లోకే ప్యాకెట్ పోతుంది. బ్యాకప్ పెట్టె క్లౌడ్‌కు 443లోనే పంపుతుంది. కాబట్టి సన్నని నిర్వచనాలు పైన, వెడల్పైనవి కింద ఉండాలి.

ఏడో మెట్టు: చర్యలు, వాటి లెక్క

చర్యలు నాలుగు రకాలు: ప్రాధాన్యం, హామీ, పోలీసింగ్, షేపింగ్. ప్రాధాన్యం అంటే మిగతావాటికంటే ముందు పోవడం. హామీ అంటే రద్దీలో కనీసం ఇంత దొరుకుతుందని. వాడకపోతే మిగతావాళ్లు తీసుకుంటారు. దాన్ని గరిష్ఠ పరిమితి అనుకోవద్దు. పోలీసింగ్, షేపింగ్ రెండూ పరిమితులే, తేడా మిల్లు గేటు దగ్గర చూడొచ్చు: నిండిందని లారీని వెనక్కి పంపేస్తే పోలీసింగ్, రోడ్డు పక్కన ఆపి వరసగా లోపలికి వదిలితే షేపింగ్. వెనక్కి పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపాలి కాబట్టి, బ్యాకప్‌ను అణచడానికి పోలీసింగ్ కంటే షేపింగే మేలు.

మాటకు ప్రాధాన్యం ఇవ్వాలి, కానీ పరిమితితో. లెక్క వేయండి. జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతిలో) సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదానిలో 160 బైట్ల మాట, 40 బైట్ల హెడర్లు, ఈథర్‌నెట్ 18 బైట్లు. మొత్తం 218 బైట్లు. అంటే ఒక కాల్‌కు ఒక వైపు 87.2 కేబీపీఎస్. ఒకేసారి ఆరు కాల్స్ అయితే 523. సిగ్నలింగ్ వేరే క్లాస్‌లో ఉంది కాబట్టి ఇక్కడ వీపీఎన్ (ఊళ్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) హెడర్ల బరువు మాత్రం కలిపి 800 కేబీపీఎస్ పెట్టండి. జీ.729 వాడితే ఇదే కాల్ 31.2కు దిగుతుంది. ప్రాధాన్య క్యూ మొత్తం లైన్‌లో మూడో వంతు దాటకూడదన్నది పాత సలహా, ఇప్పటికీ మంచిదే.

శాతంలో రాయాలా, కేబీపీఎస్‌లోనా? ఒకే భాగాన్ని అన్ని ఊళ్లలో వాడాలని శాతంలో రాయడం సులభం. కానీ 5 శాతం అంటే మిల్లు 20 ఎంబీపీఎస్ మీద 1000 కేబీపీఎస్, జడ్చర్ల 4 ఎంబీపీఎస్ మీద 200. అక్కడ మూడో కాల్ కలవగానే మాట తెగుతుంది. మాటకు ఎంత కావాలో కాల్స్ సంఖ్య చెబుతుంది, లైన్ సైజు కాదు. అందుకే వాయిస్‌ను కేబీపీఎస్‌లో, మిగతా హామీలను శాతంలో రాయమంటాను. వాయిస్‌కు పోగా మిగిలిన లైన్‌లో లావాదేవీలకు 25, మీటింగులకు 25, 'మిగతా' క్లాస్‌కు 30, కెమెరాకు 15, బ్యాకప్‌కు 5 శాతంతో మొదలుపెట్టి తర్వాత దిద్దుకోవచ్చు.

యూనిట్ చూసి రాయండి. గడి కేబీపీఎస్ అడుగుతుంటే 20 ఎంబీపీఎస్‌కు 20000 రాయాలి. 20 రాసి పంపితే మిల్లు మొత్తానికి 20 కేబీపీఎస్ దక్కుతుంది, సరిచేయడానికి రిమోట్‌లో లోపలికి పోవడం కూడా కష్టమవుతుంది.

ఎనిమిదో మెట్టు: ఇంటర్‌ఫేస్ పాత్రలు

రౌటర్‌లోని ఏ పోర్టు ఎటు పోతుందో చెప్పేదే పాత్ర. ఇది పట్టించుకోనందుకే సగం పాలసీలు ఊరికే ఉంటాయి. మిల్లు రౌటర్ నుంచి ప్రొవైడర్ పెట్టెకు పోయే వైరు గిగాబిట్ పోర్టులో ఉంటుంది. రౌటర్ తన దగ్గర 1000 ఎంబీపీఎస్ ఉందనుకుంటుంది. దాని దృష్టిలో ఎప్పుడూ రద్దీ లేదు, కాబట్టి క్యూ కట్టదు, కాబట్టి మీ క్లాసులు ఒక్కసారీ పనిలోకి రావు. క్యూ అంతా అవతలి మోడెమ్‌లో కడుతుంది, అక్కడ మీ మాట చెల్లదు. 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న మోడెమ్‌లో ఒక మెగాబైట్ బఫర్ నిండితే, చివర్లో చేరిన మాట ప్యాకెట్ 1.6 సెకన్లు ఆగాలి.

అందుకే బయటి పాత్రకు ఒక తల్లి షేపర్ (మొత్తం లైన్‌కు కలిపి ఒకే పరిమితి) తప్పనిసరి. లీజ్డ్ లైన్ అయితే 95 శాతం దగ్గర, అంటే 19000 కేబీపీఎస్ పెట్టండి. బ్రాడ్‌బ్యాండ్ అయితే రద్దీ వేళ కొలిచిన దాంట్లో 85 నుంచి 90 శాతం. క్లాసులన్నీ దాని లోపల పిల్లల్లా ఉండాలి. ఆ కొంచెం వదులుకోవడం యజమానులకు నచ్చదు. డబ్బు కట్టిన స్పీడు తగ్గిస్తారా అంటారు. ఫోన్ కాల్‌లో ఉండి బ్యాకప్ నడిపి చూపిస్తే ఒప్పుకుంటారు. మైక్రోటిక్ వాడేవాళ్లు ఫాస్ట్‌ట్రాక్ రూల్ ఉందో లేదో కూడా చూడాలి. దాని గుండా పోయే ట్రాఫిక్ సింపుల్ క్యూలను, గ్లోబల్ మీద కట్టిన క్యూ ట్రీని తాకదు.

పాత్రలు మూడు చేయండి: బయటి-ప్రధాన, బయటి-బ్యాకప్ (ప్రధాన లైన్ పోతే వాడే లైన్), లోపలి. కరెంటు పోయో కేబుల్ తెగో 4జీ డాంగిల్ మీదికి మారినప్పుడు 19000 షేపర్ అర్థం లేనిది; దానికి విడిగా చిన్న అంకె, కెమెరా క్లాస్‌కు దాదాపు సున్నా. డౌన్‌లోడ్ వైపు కూడా లోపలి పాత్ర మీద షేపర్ పెట్టొచ్చు. అది టీసీపీని నెమ్మదింపజేస్తుంది కానీ అప్‌లోడ్ మీద ఉన్నంత పట్టు రాదు.

తొమ్మిదో మెట్టు: వేళలు

బ్యాకప్‌కు పగలు 2000 కేబీపీఎస్ పరిమితి, రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు పరిమితి లేదు అని వేళ భాగం చేసుకోండి. ముందు పరికరాల గడియారం చూడండి. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ తెచ్చేది) పెట్టి టైమ్‌జోన్ మరిచిపోతే యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. రాత్రి 22:00 అని రాసింది మన టైమ్‌లో తెల్లవారుజామున 3:30కి మొదలై ఉదయం 10:30 దాకా సాగుతుంది. కాంటా తెరిచే వేళకు బ్యాకప్ పూర్తి వేగంతో ఉంటుంది.

పదో మెట్టు: కూర్చి, పంపి, చూడటం

ఇప్పుడు పాలసీ తెరిచి భాగాలను వరసగా ఎంచుకోండి. పంపే ముందు ప్రివ్యూ ఉంటే పరికరానికి పోయే అసలు లైన్లు చదవండి. మీ మేనేజ్‌మెంట్ ట్రాఫిక్, రౌటింగ్ ప్రోటోకాల్ ఏ క్లాస్‌లో పడుతున్నాయో చూడండి. అవి బ్యాకప్ క్లాస్‌లో పడితే రద్దీ రోజు మీకే తలుపు మూసుకుంటుంది. పాత కాన్ఫిగరేషన్ దాచుకుని, ముందు ఒక్క చోటికే పంపండి. సీజన్ మధ్యలో మిల్లుతో మొదలుపెట్టకండి, నల్లగొండ ఆఫీసు నయం.

పంపాక క్లాసుల కౌంటర్లు తెరవండి. ఒక కాల్ చేసి పెట్టుకుంటే వాయిస్ కౌంటర్ ప్రతి సెకనుకు సుమారు 50 ప్యాకెట్లు పెరగాలి. పెరగకపోతే నాలుగో మెట్టుకు వెళ్లి పోర్టులు, ఆరో మెట్టుకు వెళ్లి మ్యాచ్ రకం చూడండి. పెరుగుతూ, పక్కన డ్రాప్ (పారేసిన ప్యాకెట్ల) అంకె కూడా పెరుగుతుంటే పరిమితి తక్కువైందన్నమాట. 'మిగతా' క్లాస్‌లోనే ట్రాఫిక్ అంతా కనబడితే మీరు గుర్తించనిది ఏదో ఉంది. ఇక బ్యాకప్ నడుపుతూ పింగ్ సమయం చూడండి. తల్లి షేపర్ సరిగ్గా ఉంటే అది పెద్దగా పెరగదు. పెరిగితే షేపర్ అంకెను ఇంకో 5 శాతం తగ్గించి మళ్లీ చూడండి.

కొన్నాళ్లకు పీబీఎక్స్ మారి ఆర్‌టీపీ శ్రేణి మారిందనుకోండి. సర్వీస్ భాగం ఒక్కటి దిద్దితే మూడు ఊళ్లలోనూ మారుతుంది. దిద్దే ముందు 'ఎక్కడెక్కడ వాడారు' అన్న జాబితా తెరిచి చూడండి, దాన్ని ఇంకో పాలసీ కూడా వాడుతుండొచ్చు. మహబూబ్‌నగర్‌లో కొత్త ఆఫీసు తెరిస్తే చేయాల్సింది ఇంతే: రెండు మూడు అడ్రస్ భాగాలు కలపడం, అక్కడి లైన్ అప్‌లోడ్ కొలిచి తల్లి షేపర్ అంకె వేయడం, ఒకేసారి ఎన్ని కాల్స్ ఉంటాయో అడిగి వాయిస్ పరిమితి లెక్క కట్టడం, రౌటర్ బయటి పోర్టుకు బయటి-ప్రధాన పాత్ర అంటించడం. క్లాసులు, మార్కులు, వేళలు ముట్టుకోవాల్సిన పనిలేదు.